బీరువా వెనక నంబరు

బస్టాండులో మైకు ముందు కూర్చునే ఆవిడని ఊరంతా మైకమ్మ అంటుంది. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూడదు. పొద్దున్నే గాజు గదిలోకి వెళ్ళి, కుర్చీ ముందుకి లాక్కుని, గొంతు సవరించుకుని మొదలుపెడుతుంది. ఏ బస్సు, ఏ ఊరికి, ఏ ప్లాట్‌ఫారం మీద ఉంది, ఎప్పుడు కదులుతుంది. మళ్ళీ ఒకసారి అదే. అంతకుమించి ఒక్క ముక్క ఉండదు. పనిలో కొత్తగా చేరిన అమ్మాయి ఎవరైనా "ప్రయాణికులకు సవినయంగా మనవి చేయునది ఏమనగా" అని రాగం అందుకుంటే మైకు లాగేసుకుంటుంది. నీ సవినయం పూర్తయ్యేసరికి బస్సు ఊరు దాటిపోతుందే పిల్లా, అంటుంది.

అందుకే బస్టాండులో గాలి శుభ్రంగా ఉంటుంది. ఎవరూ వినని మాట పుట్టిన చోటే గాలిలో ఉండిపోతుంది కదా, అలాంటివి అక్కడ తక్కువ. ఇళ్ళల్లో అయితే పొయ్యి గట్టు దగ్గర కొన్ని ఎప్పుడూ వేలాడుతూనే ఉంటాయి. ఇల్లాలు తల పక్కకి వంచి గిన్నె దించుకుంటుంది, అంతే. కంటికి కనపడవు గానీ ఒంటికి తగులుతాయి. బతిమాలుతూ అన్న మాట సాలెగూడులా మొహానికి చుట్టుకుంటుంది. కోపంగా అన్నదయితే నుదుటికి ఠంగుమని తగులుతుంది. ఎవరైనా ఆగి, చెవి పెట్టి, చివరిదాకా వింటే పోతుంది. లేకపోతే ఎన్నేళ్ళయినా ఉంటుంది. చీపురుతో మూలకి నెట్టడం తప్ప చేసేదేమీ లేదు. పరాయివాళ్ళ మాటలకి చెవి ఒగ్గడం మర్యాద కాదని పిల్లలకి చిన్నప్పుడే చెబుతారు కాబట్టి ఎవరూ ఆ పని పెట్టుకోరు.

ఊరు మొత్తంలో అలాంటి మాటలు ఎక్కువగా ఉండేది ఆస్పత్రిలో. అక్కడ పనిచేసేవాళ్ళందరికీ మెడ వంచుకుని నడిచే అలవాటు. బజారులో ఎవరైనా మెడ వాల్చుకుని వస్తుంటే కూరలమ్మేవాడు "ఏ వార్డండీ మీది" అని అడుగుతాడు. అడిగినవాడూ నవ్వుతాడు, చెప్పినవాళ్ళూ నవ్వుతారు. ఇందులో నవ్వడానికి ఏముందో నాకు మాత్రం ఎప్పుడూ అర్థం కాలేదు.

మైకమ్మకి ఒక్కతే కూతురు. ఇంటర్ చదువుతోంది. పుట్టిన దగ్గర్నుంచీ ఏ విషయానికీ ఒప్పుకున్న పాపాన పోలేదు కాబట్టి ఇంట్లో పిడుగు అనే పేరు స్థిరపడిపోయింది. పిడుగు కడుపునొప్పి అంటూ కాలేజీ నుంచి వచ్చి, మర్నాటికి మెలికలు తిరిగిపోతుంటే ఆస్పత్రికి తెచ్చారు. అపెండిక్స్ పగిలిందన్నారు. వెంటనే కోసి తీసేశారు. ఆపరేషన్ బాగా జరిగిందని పెద్ద డాక్టరు చెప్పగానే మైకమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. తండ్రి దూరపు రూటులో బస్సు నడుపుతున్నాడు. కబురు అందింది గానీ ఇంకా దారిలోనే ఉన్నాడు. తోడుగా మైకమ్మ తమ్ముడు వచ్చాడు. చెప్పుల షాపులో సేల్స్‌మన్. ఎవరు కనిపించినా ముందు వాళ్ళ కాళ్ళ వైపు చూసి, తర్వాత నవ్వుతాడు.

వాళ్ళకిచ్చింది పై అంతస్తులో రెండు మంచాల గది. కిటికీ పక్కది పిడుగుకి, రెండోది ఖాళీ, పరుపు చుట్టేసి ఉంది. మెలకువ వచ్చిన పిడుగు ముందు ఆస్పత్రి గౌను మీద యుద్ధం ప్రకటించింది. వీపు వెనక ముడేసే బట్ట ఏ బుర్రలేనివాడు కుట్టాడని అడిగింది. బ్రెడ్డు అట్టముక్కలా ఉందంది. మావయ్య జోకులు వింటే కుట్లు ఊడిపోతాయి, ఆయన్ని బయట కూర్చోబెట్టమంది. మైకమ్మ విసుక్కుంటూనే లోపల్లోపల మురిసిపోయింది.

ఆ మరుసటి పొద్దున జడ వేస్తాను కాస్త పక్కకి తిరగవే అంటే పిడుగు "సరే" అంది.

మైకమ్మ దువ్వెన ఆపింది. నీ ఫోన్ ఇంటికి పంపించేస్తున్నాను, అంది. సరే అంది. మావయ్య ఇక్కడే కూర్చుని జోకులు చెబుతాడట అంటే దానికీ సరే అంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ చూపు ఎక్కడో ఉంది.

మైకమ్మ వెంటనే లేచి సిస్టర్ దగ్గరికి వెళ్ళింది. ఆ వరసలో గదులన్నిటికీ ఆవిడ ఒక్కతే నర్సు. ఒక చేతిలో ట్రే, చంకలో ఫైళ్ళు, మెడ ఒక వైపుకి వాలి ఉంది. మైకమ్మ ఏమందంటే, సిస్టర్ ఏమీ అనుకోకండి, మీకు ఊపిరి తీసుకునే తీరిక లేదని తెలుసు, నేనే అనవసరంగా కంగారు పడుతున్నానేమో, వీలు చూసుకుని ఒక్కసారి, అంది. ఆ "ఒక్కసారి" దగ్గరికి వచ్చేసరికి సిస్టర్ పక్క గదిలోకి వెళ్ళిపోయింది. ఆ వెనక అన్న అసలు సంగతి, అంటే పిల్ల తేడాగా ఉందన్న సంగతి, గుమ్మం ముందు గాలిలో వేలాడుతూ మిగిలింది.

మైకు ముందు సవినయాన్ని మెడపట్టి గెంటే మనిషి, ఆస్పత్రి మెట్లెక్కగానే బస్తాడు సవినయాలు నెత్తికెత్తుకుంది. ఆవిడనేం అనగలం? తెల్లకోటు కనపడగానే గొంతు తగ్గించాలని, మన బిడ్డ గురించి అడగడానికి ముందు వాళ్ళ తీరిక గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలని మనకెవరు నేర్పారో గానీ, నేర్పినవాళ్ళ దుంప తెగ. 

సిస్టర్ సెలైన్ మార్చడానికి వచ్చినప్పుడు మైకమ్మ మళ్ళీ అందుకుంది. పిల్ల అన్నిటికీ సరే అంటోందని చెప్పింది. సిస్టర్ నిజంగానే నవ్వింది.

"కూతురు ఎదురు చెప్పట్లేదని బాధపడే తల్లిని మిమ్మల్నే చూశానమ్మా. మందుల మత్తు. సాయంత్రానికి దిగుతుంది."

పెద్ద డాక్టరు వెనక చిన్న డాక్టర్లని వేసుకుని రౌండ్లకి వచ్చాడు. అందరూ మెడలు వంచుకుని గుమ్మం దాటారు. కట్టు చూశాడు, మిషన్ మీద అంకెలు చూశాడు, రేపు లేపి నడిపించండి అన్నాడు. పిడుగు మొహం మాత్రం చూడలేదు. మైకమ్మ "సార్, ఏమీ అనుకోకండి" అనేలోపు ఆ దండు బయటికి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ ఆఖర్న ఉన్న కుర్ర డాక్టరు గుమ్మంలో వేలాడుతున్న పొద్దుటి మాటకి నుదురు తగిలి, అలవాటుగా తుడుచుకుని పోయాడు.

ఎండ ఎక్కేకొద్దీ పిడుగు ఊపిరి వేగంగా ఆడటం మొదలైంది. చేతులు చల్లబడ్డాయి. పొట్ట బిర్రుగా అయింది. పెదాలు ఎండిపోయినా నీళ్ళు అడగలేదు. పొద్దుటి నుంచీ ఒంటేలుకి పోయిందే లేదు. మైకమ్మ ఒక్కొక్కటీ చూసి ఒక్కొక్కటీ చెబుతూనే ఉంది. సిస్టర్ వస్తూ పోతూ, అంకెలు బాగానే ఉన్నాయమ్మా, డాక్టరుగారికి చెప్పాను, వస్తారు, అంటూనే ఉంది. మంచం చుట్టూ గాలి చిక్కబడింది. సెలైన్ స్టాండుకి ఒక మాట, కిటికీ చువ్వకి ఒక మాట తగులుకున్నాయి. సిస్టర్ వాటి కిందుగా వంగి సూది గుచ్చి వెళ్ళింది.

చివరికి కుర్ర డాక్టరు వచ్చాడు. పొట్ట నొక్కాడు. పిడుగు అరవలేదు.

"చూశారా, నొప్పి లేదు. గ్యాసు. ఇంజెక్షన్ రాస్తాను."

"ఇది అరవకపోవడమే నా భయం సార్. చీమ కుడితే ఇంటి పైకప్పు లేపే పిల్ల."

"తల్లులకి భయం మామూలేనమ్మా" అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు. అదే ఒళ్ళు మండే విషయం. తిట్టినా బావుండేది, తిరిగి తిట్టొచ్చు.

మైకమ్మ గొంతు పెంచింది. మా అమ్మాయి సంగతి మీకెవరికీ పట్టట్లేదు, వేరే డాక్టర్ని పిలవండి, అని వరండా అంతా వినపడేలా అరిచింది. వినపడింది గానీ ఎవరూ వినలేదు. ఆ మాటలు గట్టిగా ఉన్నాయి కాబట్టి తలుపు చెక్కకి కొట్టుకుని అక్కడే నిలిచాయి. గేటు దగ్గర సెక్యూరిటీ అతను వచ్చి, అమ్మా, ఇది ఆస్పత్రి, గొంతు తగ్గించండి అన్నాడు. ఇక అందరూ ఆవిడ గొంతు గురించి మాట్లాడుకున్నారు. పిల్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. గొంతు తగ్గిస్తే మాట వినరు, పెంచితే గొంతు గురించి పంచాయితీ పెడతారు. మధ్యలో ఎక్కడ పెట్టాలో ఆ గోడల మీద ఎక్కడా రాసి ఉండదు.

తమ్ముడు ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి లాగాడు.

"అక్కా, నీకు దణ్ణం పెడతాను. వాళ్ళకి కోపం తెప్పించకే. మన పిల్ల వాళ్ళ చేతుల్లో ఉంది."

"వాళ్ళ చేతుల్లో ఎక్కడుందిరా? ఒక్కడైనా దాని చెయ్యి పట్టుకున్నాడా?"

మైకమ్మకి ఏడుపు పొంగుకొచ్చింది. కూతురి ఎదురుగా ఏడవకూడదని, మంచం తలవైపుకీ గోడకీ మధ్యనున్న సందులోకి వెళ్ళి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కింద కూలబడింది. గది ఊడ్చేవాళ్ళు పాత మాటల్ని నెట్టేసే మూల అది. కూర్చోగానే మొహానికి ఏదో చుట్టుకుంది. తోసేసింది. ఇంకోటి తగిలింది. పరాయివాళ్ళది, వినకూడదు. కానీ లేచి వెళ్ళడానికి ఆవిడకి వేరే చోటు లేదు. అలా కూర్చుని ఉండగానే చెవిలో ఒక మగగొంతు పలికింది. వయసులో ఉన్నవాడి గొంతు. చాలా మర్యాదగా ఉంది.

సిస్టర్, ఏమీ అనుకోకండి, మా నాన్న పొద్దుటి నుంచీ పేపర్ అడగలేదండీ.

అంతే, ఆ మాట పోయింది. మైకమ్మ ఏడుపు ఆపింది. మర్యాద సంగతి తర్వాత చూసుకోవచ్చని తల కాస్త పక్కకి జరిపింది.

సార్, ఆయన నన్ను మీరు అంటున్నారు. పుట్టాక నన్నెప్పుడూ మీరు అనలేదండీ.

సిస్టర్, చేతులు చల్లగా అనిపిస్తున్నాయి, వీలు చూసుకుని ఒకసారి.

సార్, ఊపిరి చూడండి.

ఎవరైనా రండి.

ఆ తర్వాతది చాలా కిందుగా ఉంది, నేలకి జానెడు ఎత్తులో. అన్నవాడు ఆవిడలాగే కూలబడి ఉండాలి. మైకమ్మ చెంప నేలకి ఆనించింది.

వరండాలో బీరువా వెనక ఒక నంబరు ఉందట నాన్నా. వీళ్ళు వినకపోతే ఇంటివాళ్ళే నేరుగా ఫోన్ చెయ్యొచ్చట. వేరే డాక్టర్లు వస్తారట. ఇప్పుడు చెబుతున్నారు నాన్నా. అంతా అయిపోయాక చెబుతున్నారు.

మైకమ్మ లేచింది. చెంపకి అంటుకున్న దుమ్ము కూడా తుడుచుకోలేదు. తమ్ముడు పిలుస్తున్నా ఆగకుండా వరండాలోకి వెళ్ళింది. గోడ వెంబడి సెలైన్ సీసాలు పెట్టే ఇనప బీరువా ఉంది. గోడకీ దానికీ మధ్య అరచెయ్యి పట్టే సందు. కన్ను ఆనిస్తే చీకటి. భుజం పెట్టి తోస్తే కదల్లేదు. మొబైల్లో కెమెరా పెట్టి, ఫ్లాష్ వేసి, చెయ్యి సందులోకి దూర్చి ఫోటో తీసింది. మొదటిసారి గోడ పెచ్చు వచ్చింది. రెండోసారి బోర్డు వచ్చింది.

సిస్టర్ పరిగెత్తుకొచ్చింది. "ఏమ్మా, అక్కడ చెయ్యి పెట్టకూడదు."

మైకమ్మ ఆవిడ వైపు చూడకుండా బోర్డు చదువుకుంది. మీ మనిషి పరిస్థితి దిగజారుతోందని మీకు అనిపిస్తోందా? వార్డులో చెప్పినా మీ ఆందోళన తీరలేదా? ఈ నంబరుకి ఏ వేళలోనైనా నేరుగా ఫోన్ చేయండి. మిమ్మల్ని ఎవరూ తప్పు పట్టరు. ఆ చివరి ముక్క ఎర్రటి అక్షరాల్లో ఉంది. అంత శ్రద్ధగా రాయించి, మేకులు కొట్టి, దాని ముందు సరిగ్గా దాని వెడల్పున్న బీరువా నిలబెట్టిన మహానుభావుడు ఎవడో, వాడికి ఇంటికెళ్తే అన్నం ఎలా దిగుతుందో తెలియదు.

"అక్కా, వద్దే, తర్వాత మనతో ఎలా ఉంటారో" అన్నాడు తమ్ముడు.

మైకమ్మ నంబరు నొక్కింది. అవతల ఎవరో ఎత్తారు. నోటిదాకా "ఏమీ అనుకోకండి" వచ్చింది. దాన్ని మింగేసి గొంతు సవరించుకుంది.

"పై అంతస్తు, ఆపరేషన్ వార్డు, చివరి గది, కిటికీ పక్క మంచం. నా కూతురు. అపెండిక్స్ ఆపరేషన్ అయింది. పొద్దుటి నుంచీ దిగజారుతోంది. ఊపిరి వేగంగా ఉంది, చేతులు చల్లగా ఉన్నాయి, పొట్ట బిగుసుకుంది, మనిషి మనిషిలా లేదు. ఇక్కడి డాక్టరు చూసి బాగుందన్నారు. బాగాలేదని నేనంటున్నాను. వేరే డాక్టరు ఇప్పుడే రావాలి."

ఊపిరి తీసుకుని అదంతా మళ్ళీ ఒకసారి చెప్పింది. హెచ్చు లేదు, తగ్గు లేదు. వరండా చివర కూర్చున్నవాళ్ళు కూడా తమ బస్సేదో వచ్చినట్టు తలలెత్తి చూశారు.

"వస్తున్నాం" అంది అవతలి గొంతు.

ఫోన్ ఎత్తినవాళ్ళ గది కింది అంతస్తులోనే ఉంది. పొద్దుటి నుంచీ వాళ్ళకి ఒక్క ఫోనూ రాలేదు. టీ కూడా తాగేసి ఖాళీగా కూర్చున్నారు. ఇద్దరు నర్సులు, వాళ్ళ ముందు పొడుగాటి డాక్టరమ్మ వచ్చారు. డాక్టరమ్మ మెడ నిటారుగా ఉంది. గుమ్మం దగ్గర వంగలేదు. అక్కడున్న మాటకి మొహం ఎదురుపెట్టి, కాసేపు ఆగి, చివరిదాకా విన్నాక లోపలికి అడుగుపెట్టింది. మంచం దగ్గర ఉన్నవాటినీ అలాగే వింది. సెలైన్ స్టాండుకి తగులుకున్నదాన్నీ, కిటికీ చువ్వ దగ్గరదాన్నీ వదల్లేదు. అలా వింటూనే పిడుగు చెయ్యి పట్టుకుని గోరు నొక్కి రంగు చూస్తోంది. గదిలో గాలి తేలికపడింది.

"మామూలుగా ఎలా ఉంటుంది మీ అమ్మాయి?"

"వాదిస్తుంది మేడమ్."

"దేని గురించి?"

"దేని గురించయినా."

డాక్టరమ్మ పిడుగు మీదకి వంగింది. "నీ కుట్లు ఇప్పుడే విప్పేసి, నిన్ను బస్సెక్కించి ఇంటికి పంపిస్తాను. సరేనా?"

"సరే" అంది పిడుగు.

డాక్టరమ్మ లేచి నిలబడి, థియేటర్ ఖాళీ చేయించండి అంది. ఆ తర్వాత ఎవరూ నడవలేదు, అందరూ పరిగెత్తారు. మంచం చక్రాలు వరండాలో గడగడమంటూ పోయాయి. బీరువా అడ్డం వస్తే ఇద్దరు మగవాళ్ళు దాన్ని పక్కకి ఈడ్చి పారేశారు. తమ్ముడు వెనకాలే పరిగెత్తుతూ, ఆగి, గోడ మీద బోర్డు చూస్తూ ఉండిపోయాడు.

పొట్ట లోపల చీము పట్టిందట. అది రక్తంలోకి దిగుతోందట. ఇంకాస్త ఆలస్యమైతే చేతిలో ఏమీ ఉండేది కాదని డాక్టరమ్మ మైకమ్మకి దాచకుండా చెప్పింది. పిడుగు ఐసీయూలో పడుకుంది. తండ్రి వచ్చి అద్దంలోంచి చూసి గోడకి ఆనుకున్నాడు. ఆ తర్వాత ఒక పొద్దున పిడుగు కళ్ళు తెరిచి, ఈ గొట్టం ముక్కులో ఎవరు పెట్టమన్నారు, నన్ను అడిగారా, అంది. మైకమ్మ కూతుర్ని ముద్దు పెట్టుకోబోతే, నీ చెయ్యి జిడ్డుగా ఉంది దూరం జరుగు, అంది. అప్పుడు గానీ మైకమ్మ అన్నం తినలేదు.

పెద్ద డాక్టరు వరండాలో ఎదురుపడ్డాడు. సమయానికి గమనించాం, మీరు అదృష్టవంతులు అన్నాడు. ఎవరు గమనించారు సార్, అని అడిగింది మైకమ్మ. ఆయన అప్పటికే మెడ వంచుకుని మలుపు తిరిగాడు. దణ్ణం పెట్టవే అక్కా, అని తమ్ముడు అలవాటు కొద్దీ అనబోయి నాలుక కరుచుకున్నాడు.

అదృష్టమట. కడుపున పుట్టినదాని ప్రాణం, అంతకుముందు అదే మంచం మీద తండ్రిని పోగొట్టుకున్న ఒక అబ్బాయి ఏడుపులోంచి దొరికితే దాన్ని అదృష్టం అనాలట. ఆ అబ్బాయి ఎవరో, ఏ ఊరో ఎవరికీ తెలియదు. మైకమ్మ వినేసింది కాబట్టి ఇప్పుడు ఆ మూలలో అతని మాటలు కూడా లేవు. 

బీరువా మర్నాటికల్లా మళ్ళీ బోర్డు ముందుకి చేరింది. మైకమ్మ సూపరింటెండెంట్ గదికి వెళ్ళింది. ఆయన కుర్చీ అందరి కుర్చీల కంటే పొట్టిది, ఎందుకంటే ఆ గదిలో వేలాడే మాటలు బల్ల మీదిదాకా దిగి ఉంటాయి. బీరువా తీయించండి, అంతే నేనడిగేది, అంది. ఆయన ఫోన్లో మాట్లాడుతూనే చెయ్యి ఊపి, చూద్దాం అన్నాడు. ఆవిడ మాట వెళ్ళి మిగతావాటి పక్కన చేరింది.

ఇంటికి పంపేముందు పిడుగుని మళ్ళీ ఆ కిటికీ పక్క మంచానికే తెచ్చారు. వెళ్ళే రోజు వచ్చింది. తండ్రి బస్సు డ్యూటీకి వెళ్ళాడు. తమ్ముడు పిడుగుని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి వరండాలోకి తోసుకెళ్ళాడు. కుర్చీ ఎంత నెమ్మదిగా తోయాలనే విషయంలో వాళ్ళిద్దరికీ వాదన మొదలైంది. గదిలో సిస్టర్ పక్కబట్టలు మారుస్తోంది. మైకమ్మ సంచీ సర్దడం ఆపి అడిగింది.

"ఆ నంబరు నాకెందుకు చెప్పలేదు సిస్టర్?"

సిస్టర్ దుప్పటి దులిపింది.

"ఎవరైనా ఆ నంబరుకి ఫోన్ చేస్తే సాయంత్రం మీటింగులో నన్ను నిలబెడతారమ్మా. నీ వార్డు నువ్వు చూసుకోలేవా అంటారు. పెద్ద డాక్టరు వారం రోజులు నా మొహం చూడరు."

"ఈ మంచం మీద ఒక పెద్దాయన పోయాడు. అప్పుడు నిలబెట్టారా?"

సిస్టర్ చేతిలో దుప్పటి అలాగే ఉంది. "లేదు" అంది.

మైకమ్మకి ఆవిడ మీద జాలి వేసింది. జాలి వేసినంత మాత్రాన కోపం పోలేదు. రెండూ కడుపులో పక్కపక్కనే కూర్చున్నాయి. సంచీ భుజాన వేసుకుంది, మళ్ళీ దించింది.

"మీరు కాసేపు బయటికి వెళ్ళండి సిస్టర్. నేనిక్కడ ఒక మాట చెప్పాలి. అది మీరు వినకూడదు, ఎవరూ వినకూడదు."

సిస్టర్ ఆవిడ మొహంలోకి చూసింది. అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. దుప్పటి మంచం మీద పెట్టి, ట్రే తీసుకుని, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"నిలబడి చెప్పకండి. వచ్చేవాళ్ళు ఆ స్టూలు మీద కూర్చుంటారు. మూలకి దగ్గరగా మాత్రం వద్దు, ఊడ్చేటప్పుడు నెట్టేస్తారు."

తలుపు దగ్గరికి వేసి వెళ్ళింది. మైకమ్మ మంచం పక్క స్టూలు మీద కూర్చుంది. గొంతు సవరించుకుంది.

"కిటికీ పక్క మంచం దగ్గర కూర్చున్నవారు వినండి. మీ మనిషి మీకు తేడాగా కనిపిస్తే అది తేడాయే. మీ మనిషి మీకు తెలుసు. ఏమీ అనుకోకండి అనకండి. ఏ మంచం, ఏం మారింది, ఎప్పటి నుంచి, ఎవరు రావాలి, అది చెప్పండి. వినకపోతే బయట బీరువా వెనక బోర్డు ఉంది. సందులో ఫోన్ దూర్చి ఫోటో తీసుకోండి, లేదా నేను చెప్పే నంబరు ఇప్పుడే నొక్కండి. వాళ్ళు కింది అంతస్తులోనే ఉంటారు. వస్తారు. మీరు విన్నాక ఈ మాట పోతుంది కాబట్టి, వెళ్ళేముందు గది ఖాళీ చేయించి, మీ తర్వాత వచ్చేవాళ్ళ కోసం మీరు కూడా ఇక్కడే చెప్పి వెళ్ళండి."

నంబరు విడివిడిగా, ఒక్కో అంకె చొప్పున చెప్పింది. తర్వాత అంతా మళ్ళీ మొదటి నుంచి అందుకుంది.

బయట వరండాలో ఊడ్చే ఆవిడ చీపురూ బకెట్టూ పట్టుకుని ఆ గది వైపు వచ్చింది. సిస్టర్ అడ్డంగా నిలబడి, నేల తడిగా ఉంది, కాసేపు ఎవరూ లోపలికి వెళ్ళకండి అంది. నేనింకా తుడవనే లేదు కదమ్మా, అంది ఊడ్చే ఆవిడ. తడిగా ఉందన్నానా, అంది సిస్టర్. తలుపుకి వీపు ఆనించి, లోపలి గొంతు తన చెవిన కూడా పడకుండా ట్రేలోని కత్తెరలూ గిన్నెలూ గట్టిగా చప్పుడు చేస్తూ సర్దడం మొదలుపెట్టింది.